చేపలకీ కావాలొక రాత్రి

శ్రీముఖలింగం గుడిలో శాసనాలు చూస్తే దీపాల లెక్కలు చాలానే కనిపిస్తాయి. స్వామి సన్నిధిలో అఖండదీపం ఆరకుండా ఉండాలని ఫలానావారు ఫలానాది సమర్పించారని రాళ్లమీద చెక్కించారు. తూర్పు గాంగుల కాలంనాటి దాతలకి వెలుగంటే అంత భక్తి మరి! దేవుడికి సరే, మన ముందుగదిలో గాజుతొట్టెలోని బంగారు చేపలకి మాత్రం అఖండదీపం పనికిరాదండీ. పాపం, వాటికి కళ్లు మూసుకుందామన్నా రెప్పలు లేవు.

ఆ ఊరి పక్కనే పారే వంశధారలో చేపలకి గాలి ఎవరూ అందించనక్కర్లేదు. నీరు రాళ్లకి కొట్టుకుని చిందినప్పుడల్లా గాలిని తనలో కలుపుకుంటుంది. ఎండలు ముదిరి మడుగులు మిగిలితేనే చిక్కు. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీలకి ఏడున్నరే. కొరమేనుకి ఆ బెంగ లేదు, పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుపోతుంది. బంగారు చేపకి అంత గడుసుతనం ఎక్కడిదీ?

గాలికీ వెలుతురుకీ చుట్టరికం ఉందని మనుషులకి తెలిసి ఎంతో కాలం కాలేదు. కొవ్వొత్తి ఆరిపోయిన జాడీలో పుదీనా రెమ్మ పెట్టి ఉంచితే, కొన్నాళ్లకి అందులో మళ్లీ కొవ్వొత్తి వెలుగుతుందని 1771లో ప్రీస్ట్లీ చూశాడు. మొక్క ఆ ఉపకారం ఎండలో ఉన్నప్పుడే చేస్తుందనీ, చీకట్లో తనే గాలిని పాడుచేస్తుందనీ 1779లో ఇంగెన్‌హౌజ్ తేల్చాడు.

ఇక ఆడవాళ్ల సంగతి. 1832లోనే సిసిలీలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి ఆవిడ సముద్రజీవుల్ని గాజుతొట్లలో పెట్టి పరిశీలించింది. ఒకప్పుడు కుట్టుపని చేసి బతికిన మనిషి! 1846లో ఆనా థిన్ అనే ఇంగ్లీషు దొరసాని టార్కీ తీరం నుంచి పగడపు జాతి జీవుల్ని లండన్‌లో ఇంటికి తెచ్చుకుంది. వాటి నీళ్లని తెరిచిన కిటికీ ముందు రోజూ అరగంటో ముప్పావుగంటో, ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి తిరగబోయించేది, అచ్చం మనం పాలు చల్లార్చినట్టు. చేతులు నొప్పిపుట్టేలా పోసిందెవరంటారా? ఇంట్లో పనిపిల్ల. దొరసానికి చరిత్రలో కాస్త చోటు దొరికింది, ఆ పిల్ల ఉత్త పనిపిల్లగానే మిగిలిపోయింది. మరుసటి ఏడు తొట్టెలో సముద్రపు మొక్కలు చేరాయి.

1850లో వారింగ్టన్ బంగారు చేపలతోబాటు నీటిమొక్కనీ నత్తల్నీ ఉంచిన తన తొట్టె గురించి ప్రకటించాడు. కుళ్లిన ఆకులు నత్తలు తినేవి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లే వెలిసింది. పేరూ ప్రతిష్ఠా మగవాళ్లకి దక్కాయి, కొత్తేముంది!

మన తొట్టె సంగతికొస్తే, నీటి లోతుకన్నా పైన గాలి తగిలే వెడల్పు ముఖ్యం. మూతి సన్నని గుండ్రటి సీసాలో అంచుదాకా నీళ్లు నింపడమంటే చేపల పీక నొక్కడమే. పంపు బుడగలు చేసే మేలంతా నీటిని పైకీ కిందికీ కలపడమే. దీపం రోజుకి ఎనిమిది, పది గంటలు చాలు. ఎక్కువైతే పాచి పడుతుంది. ఎండ నేరుగా తగిలే కిటికీ దగ్గర పెడితే పాచితోబాటు వేడీ తోడవుతుంది. రాత్రి మొక్కలు కూడా ప్రాణవాయువు వాడుకుంటాయి కనుక, మొక్కలు కిక్కిరిసిన తొట్టెలో అసలు గండం తెల్లవారుజామునే. ఆ వేళ చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే, ఆకలి కాబోలని గుప్పెడు మేత చల్లేస్తాం. తినక మిగిలిన మేత కుళ్లి ఉన్న కాస్త గాలినీ కాజేస్తుంది. అప్పుడు చెయ్యాల్సింది, చెంబుతో తొట్టెలో నీళ్లే తీసి, జానెడెత్తు నుంచి మళ్లీ మళ్లీ తిరగబోయడం.