చర్చి నుంచి సుప్రీంకోర్టు దాకా: అమెరికా అధికారంలో క్రైస్తవ ఛాందసవాదం

అమెరికాలో ప్రభుత్వ పదవి చేపట్టడానికి మతపరమైన అర్హత ఏదీ ఉండరాదని ఆ దేశ రాజ్యాంగం ఆరో అధికరణం చెబుతుంది. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నిలబెట్టరాదనీ, ఎవరి మతాచరణకూ అడ్డుపడరాదనీ 1791లో వచ్చిన మొదటి సవరణ శాసించింది. ఇలాంటి కట్టుబాటు కావాలని గట్టిగా పోరాడినవాళ్లలో బాప్టిస్టులు ముందున్నారు. అప్పటికి వాళ్లు మైనారిటీ. తమది కాని చర్చికి పన్ను కట్టి, వేధింపులు పడి విసిగిపోయినవాళ్లు. చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ ఉండాలంటూ 1802లో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ రాసిన ప్రసిద్ధమైన ఉత్తరం కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిందే. రెండు శతాబ్దాలు గడిచేసరికి అదే శాఖకు చెందిన దక్షిణాది వారసుల్లో ఎక్కువమంది ఆ గోడను కూల్చే పనిలో ముందు నిలబడ్డారు.

ఈ తలకిందుల మార్పు ఎలా వచ్చింది? జనంలో భక్తి పెరిగినందువల్ల వచ్చిందనుకుంటే పొరపాటు. ఓపిగ్గా కట్టిన సంస్థలు, ఊరూరా చేసిన ఎన్నికల పని, సమయం చూసి కుదుర్చుకున్న పొత్తులు దీనికి కారణం.

చమురు సొమ్ము, 90 వ్యాసాలు

19వ శతాబ్దం చివర అమెరికా ప్రొటెస్టెంటు చర్చిలను రెండు విషయాలు కలవరపెట్టాయి. ఒకటి డార్విన్ పరిణామ సిద్ధాంతం. రెండోది, బైబిలును కూడా మిగతా ప్రాచీన గ్రంథాల్లాగే పరిశీలించాలన్న జర్మన్ పండితుల పద్ధతి. వీటితో సర్దుకుపోదామన్న పాస్టర్లు ఒకవైపు, ససేమిరా అన్నవాళ్లు మరోవైపు చీలిపోయారు. కాలిఫోర్నియాలో యూనియన్ ఆయిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన లైమన్ స్టీవర్ట్ రెండో పక్షానికి డబ్బు పెట్టాడు. ఆ సొమ్ముతో 1910 నుంచి 1915 వరకు ‘ది ఫండమెంటల్స్’ పేరుతో 12 సంపుటాల్లో 90 వ్యాసాలు వచ్చాయి. సుమారు 30 లక్షల ప్రతులు పాస్టర్లకు, మిషనరీలకు, సండే స్కూలు నిర్వాహకులకు ఉచితంగా చేరాయి. బైబిల్లో తప్పు లేదు, క్రీస్తు కన్యకు పుట్టాడు, మన పాపాల కోసం చనిపోయి శరీరంతో తిరిగి లేచాడు, మళ్లీ వస్తాడు: ఈ విశ్వాసాల్లో బేరం లేదన్నది వాటి సారాంశం. 1920లో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు పత్రిక సంపాదకుడు వీటికోసం పోరాడేవాళ్లకు ఫండమెంటలిస్టులని పేరు పెట్టాడు.

అప్పటికి వాళ్ల పోరాటం ఎక్కువగా చర్చి గోడల లోపలే. దాన్ని వీధిలోకి తెచ్చింది టెనెసీ రాష్ట్రంలోని డేటన్ అనే చిన్న ఊరు. మనిషి తనకన్నా కింది జంతువుల నుంచి పుట్టాడని ప్రభుత్వ బడుల్లో చెప్పరాదంటూ ఆ రాష్ట్రం 1925 మార్చిలో బట్లర్ చట్టం చేసింది. దాన్ని ధిక్కరించిన టీచరు తరఫున వాదిస్తామని పౌరహక్కుల సంఘం ప్రకటించింది. కేసు తమ ఊళ్లో జరిగితే ఊరికి పేరొస్తుందని డేటన్ పెద్దలు 24 ఏళ్ల టీచరు జాన్ స్కోప్స్‌ను ఒప్పించారు. జులై ఎండల్లో జనం విరగబడ్డారు. అంత బరువుకు కోర్టు అంతస్తు కూలుతుందేమోనన్న భయంతో జడ్జి ఒక రోజు విచారణను బయట పచ్చికలోకి మార్చాడు. అక్కడ డిఫెన్స్ లాయరు క్లారెన్స్ డారో ప్రాసిక్యూషన్ పక్షాన ఉన్న విలియం జెన్నింగ్స్ బ్రయాన్‌నే సాక్షిగా పిలిచాడు. యోనాను చేప నిజంగా మింగిందా? యెహోషువ సూర్యుణ్ణి ఆపాడా? కయీనుకు భార్య ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్రశ్న మీద ప్రశ్న. సృష్టి జరిగిన ఆరు రోజులూ 24 గంటల రోజులే కానక్కర్లేదని చివరికి బ్రయాన్ ఒప్పుకున్నాడు. జ్యూరీ కొద్ది నిమిషాల్లోనే స్కోప్స్‌ను దోషిగా తేల్చింది. జరిమానా 100 డాలర్లు. తీర్పు వచ్చిన ఐదు రోజులకు బ్రయాన్ కన్నుమూశాడు.

ఈ బ్రయాన్ మూడుసార్లు డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి. రైతుల పక్షాన, కూలీల పక్షాన నిలబడ్డ నాయకుడు. బలవంతుడిదే రాజ్యమనే వాదానికి డార్విన్ సిద్ధాంతం దారితీస్తుందన్నది అతని భయాల్లో ఒకటి. బైబిలును అక్షరాలా నమ్మడానికీ ధనికుల పార్టీకీ సహజమైన చుట్టరికం ఏమీ లేదనడానికి అతని జీవితమే రుజువు. ఆ చుట్టరికాన్ని తర్వాత పనిగట్టుకుని కలిపారు.

ఓటమి తర్వాత

డేటన్‌తో ఫండమెంటలిజం పని అయిపోయిందని నగరాల పత్రికలు రాశాయి. అది తప్పుడు అంచనా. వాళ్లు పెద్ద చర్చిల నుంచి, పెద్ద యూనివర్సిటీల నుంచి తప్పుకుని సొంత బైబిలు కాలేజీలు, రేడియో కార్యక్రమాలు, ప్రచురణ సంస్థలు కట్టుకున్నారు. 1942లో ఇవాంజెలికల్ (సువార్త ప్రచారాన్ని ముఖ్యంగా ఎంచే ప్రొటెస్టెంటు) సంఘాలకు జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1949లో లాస్ ఏంజెలెస్ గుడారం సభలతో బిల్లీ గ్రాహం దేశమంతటికీ తెలిశాడు. ప్రచ్ఛన్న యుద్ధం వీళ్లకు కలిసొచ్చింది. దేవుణ్ణి నమ్మని కమ్యూనిజానికి ఎదురు నిలవాలంటే దేశం దేవుడి పక్షాన ఉన్నట్టు కనబడాలి. 1954లో జెండా ప్రతిజ్ఞలో దేవుడి ప్రస్తావన చేరింది. 1956లో దేవుణ్ణి నమ్ముతున్నామన్న వాక్యం జాతీయ నినాదమైంది.

1962, 1963 తీర్పులతో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో అధికారిక ప్రార్థననూ, బైబిలు పఠనాన్నీ ఆపింది. మరోవైపు నల్లజాతి చర్చిల నుంచే పౌరహక్కుల ఉద్యమం ఎగసింది. వర్జీనియాలోని లించ్‌బర్గ్ పాస్టరు జెర్రీ ఫాల్‌వెల్ 1965లో చేసిన ప్రసంగంలో, పాస్టర్ల పని ఆత్మలను రక్షించడమే తప్ప ఊరేగింపులు కాదని మార్టిన్ లూథర్ కింగ్ వెంట నడిచిన బోధకులను తప్పుపట్టాడు. పద్నాలుగేళ్లు తిరిగేసరికి ఆయనే దేశంలోకెల్లా పెద్ద రాజకీయ పాస్టరయ్యాడు.

బడి పన్ను, గర్భస్రావం

గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పే పాస్టర్లలో వచ్చిన ఈ మార్పుకు కారణమని చాలామంది అంటారు. కానీ ఆ తీర్పుకు రెండేళ్ల ముందు, 1971లో, సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ ఒక తీర్మానం చేసింది. అత్యాచారం, తల్లి ఆరోగ్యానికి ముప్పు వంటి పరిస్థితుల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాల కోసం పనిచేయాలని సభ్యులను కోరింది. అప్పట్లో గర్భస్రావ వ్యతిరేకత ప్రధానంగా కేథలిక్కుల ఉద్యమం.

ఇవాంజెలికల్ నాయకులను ముందుగా కదిలించింది బడులకు సంబంధించిన గొడవ. తెల్లవాళ్ల పిల్లల కోసం దక్షిణాదిలో వెలసిన ప్రైవేటు క్రైస్తవ బడుల్లో అనేకం నల్లజాతి పిల్లలను చేర్చుకోలేదు. జాతివివక్ష పాటించే బడులకు పన్ను మినహాయింపు చెల్లదని 1971లో కోర్టు తేల్చింది. దక్షిణ కరొలినాలోని బాబ్ జోన్స్ యూనివర్సిటీ జాతుల మధ్య ప్రేమలను నిషేధించింది. 1976లో దాని మినహాయింపు పోయింది. 1983లో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో దాన్ని సమర్థించింది. పాస్టర్లను రాజకీయాల్లోకి దించింది ఈ పన్ను గొడవేనని, వాళ్లను సంప్రదాయవాద రాజకీయాలతో కలిపి కూటమి కట్టినవాళ్లలో ఒకరైన పాల్ వైరిక్ తర్వాత చెప్పాడు. గర్భస్రావం, స్త్రీ పురుష సమానత్వ సవరణ, స్వలింగ సంపర్కుల హక్కుల మీద ఆగ్రహం కూడా అప్పటికే రాజుకుంటోందని మరికొందరు చరిత్రకారుల వాదన. రెండింటిలోనూ నిజముంది. పన్ను గొడవ నాయకులను కలిపింది. కానీ వివక్షను కాపాడుకోవడం కోసం జనాన్ని పోగుచేయడం కష్టం, గర్భస్థ శిశువు పేరు మీద పోగుచేయడం సులువు. ఆ పోరాటంలోకి వచ్చిన సామాన్య విశ్వాసుల్లో చాలామందిది నిజమైన ఆవేదనే.

1979లో ఫాల్‌వెల్ మోరల్ మెజారిటీని స్థాపించాడు. అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సండే స్కూల్లో పాఠాలు చెప్పే బాప్టిస్టు. 1976లో ఇవాంజెలికల్స్ ఆయన్ను తమవాడనుకున్నారు. 1980లో ఎక్కువమంది ఆయన్ను వదిలేసి, విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లాడిన ఒకప్పటి హాలీవుడ్ నటుడు రొనాల్డ్ రీగన్ వైపు వెళ్లారు. ఆ ఏడాది ఆగస్టులో డాలస్ సభలో వేలాది పాస్టర్ల ముందు రీగన్, మీరు నన్ను బలపరచలేరని తెలుసు, నేనే మిమ్మల్ని బలపరుస్తున్నానన్నాడు. అభ్యర్థి సొంత భక్తి కన్నా అతను చేసిపెట్టే పని ముఖ్యమన్న లెక్క అక్కడ మొదలైంది.

వోటర్ గైడ్ నుంచి జడ్జి కుర్చీకి

టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ 1988లో అధ్యక్ష పదవికి పోటీపడి అయోవాలో అప్పటి ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్‌ను దాటి రెండో స్థానంలో నిలిచాడు. నామినేషన్ దక్కలేదు గానీ అతని ప్రచారంలో పనిచేసిన కార్యకర్తలతోనే 1989లో క్రిస్టియన్ కొయలిషన్ పుట్టింది. వాళ్ల ఆయుధం ఒక కాగితం. ఎన్నికకు ముందు ఆదివారాల్లో చర్చిల్లో పంచే వోటర్ గైడ్ అది. ఒక్కో అంశానికి ఎదురుగా ఏ అభ్యర్థి సమర్థిస్తాడో, ఎవరు వ్యతిరేకిస్తారో గడుల్లో ఉంటుంది. ఎవరికి ఓటెయ్యమని చెప్పదు, చెప్పనక్కర్లేదు. స్కూల్ బోర్డుల్లో, పార్టీ స్థానిక కమిటీల్లో తమవాళ్లను నిలబెట్టారు. తక్కువమంది ఓటేసే ఎన్నికలో గట్టిగా కూడగట్టిన మైనారిటీయే గెలుస్తుందని వాళ్లకు తెలుసు. 1994లో రిపబ్లికన్లు ప్రతినిధుల సభను చేజిక్కించుకోవడం వెనుక ఈ శ్రమ ఉంది.

చట్టసభలు గెలిచినా కోర్టులు మాట వినకపోవడంతో దృష్టి జడ్జిల మీదికి మళ్లింది. ఒకప్పుడు కేథలిక్కు అయినందుకే జాన్ కెనడీని వ్యతిరేకించిన ఇవాంజెలికల్స్ ఇప్పుడు కేథలిక్కు లాయర్లతో చేతులు కలిపారు. 2005లో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ సుప్రీంకోర్టుకు హారియట్ మియర్స్ పేరు ప్రతిపాదిస్తే, ఆమె మీద నమ్మకం చాలక సంప్రదాయవాదులే గొడవచేసి వెనక్కి తీయించారు. ఆ స్థానంలోకి వచ్చిన శామ్యూల్ అలిటోయే 2022 జూన్ 24న రో తీర్పును రద్దు చేసిన డాబ్స్ తీర్పు రాశాడు.

డొనాల్డ్ ట్రంప్ విజయాన్ని కూడా ఈ వరుసలోనే చూడాలి. 2016లో ఆయన తన జడ్జిల జాబితాను ముందే ప్రకటించాడు. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం తెల్లజాతి ఇవాంజెలికల్స్‌లో 81 శాతం ఆయనకే ఓటేశారు. బదులుగా ముగ్గురు సుప్రీంకోర్టు జడ్జిలు వచ్చారు. 2018లో అమెరికా రాయబార కార్యాలయం జెరూసలేంకు మారింది. యూదులు తమ నేలకు తిరిగిరావడం క్రీస్తు రెండవ రాకడకు సూచన అని నమ్మే క్రైస్తవులకు అది పెద్ద విజయం.

సంఖ్య తగ్గుతోంది, పట్టు మిగిలింది

పీఆర్ఆర్ఐ సర్వేల ప్రకారం తెల్లజాతి ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లు 2006లో జనాభాలో 23 శాతం. 2020 నాటికి 14 శాతం దగ్గరికి వచ్చారు. 2022 ఆగస్టులో రిపబ్లికన్ల కంచుకోట కాన్సస్‌లోనే గర్భస్రావ హక్కును తొలగించే సవరణను ఓటర్లు 59-41తో తిరస్కరించారు. బైబిలును అంతే గట్టిగా నమ్మే నల్లజాతి క్రైస్తవుల్లో అత్యధికులు డెమోక్రాట్లకే ఓటేస్తున్నారు. కాబట్టి నిందించాల్సింది విశ్వాసాన్ని కాదు, ప్రభుత్వ బలంతో అందరి మీదా రుద్దే విశ్వాసాన్ని. అలా రుద్దినప్పుడు మతం కూడా నష్టపోతుంది. ఆ మాట మొదట్లో గట్టిగా చెప్పినవాళ్లలో బాప్టిస్టులున్నారు.

ఆ రుద్దడం ఆగలేదు. పది ఆజ్ఞలను బడి గోడల మీద పెట్టించిన కెంటకీ చట్టాన్ని సుప్రీంకోర్టు 1980లో కొట్టేసింది. అయినా 2024లో లూసియానా, 2025లో టెక్సస్ ప్రతి ప్రభుత్వ తరగతి గదిలో వాటిని ఉంచాలని చట్టాలు చేశాయి. కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాయి. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగు పిల్లలు చదివే ప్రభుత్వ బడులూ ఆ రాష్ట్ర చట్టం పరిధిలోనివే.

అమెరికా పౌరులైన తెలుగువారికి ఒక మాట. అధ్యక్ష ఎన్నికల గురించి మనవాళ్లు రాత్రంతా వాదించుకుంటారు. స్కూల్ బోర్డు ఎన్నిక రోజున ఎంతమంది ఓటుకు వెళ్తున్నారు? క్రైస్తవ ఛాందసవాదులు దేశాన్ని మార్చడం మొదలుపెట్టింది ఆ చిన్న ఎన్నికల్లోనే. మీ పిల్లల బడి ఏ మతానికీ చెందకుండా ఉండాలంటే, అక్కడికి మీరూ వెళ్లండి, ఓటేయండి, అవసరమైతే పోటీ చేయండి.