అంధకళాకారులును హస్తశిల్పులును

చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభలో వీణకచేరి ముగిసినంతనే శ్రోతలు విద్వాంసుని ప్రశంసింతురు. పోషకులు శాలువ కప్పుదురు. ఆ వీణను చెక్కినవాని పేరు వేదికమీద వినబడుట మిక్కిలి యరుదు. చూపులేని కళాకారుడు వేదిక నెక్కినచో, అతని విద్యకంటె ముందుగా అతని లోపమే ప్రసంగవిషయ మగుచుండును. శిల్పిని మఱచుటయు, కళాకారునిలో లోపమునే చూచుటయు ఒక్క పొరపాటునకే రెండు ముఖములని మా యభిప్రాయము. కళ పెక్కుచేతుల కూడికచే సిద్ధించునను మాట అందు మఱుగుపడుచున్నది. దీనిని బోధించు చరిత్ర మన తెలుగుదేశముననే కలదు. దానిని కులబాంధవుల యెదుట నుంచుచున్నాము.

విజయనగర సంస్థానోద్యోగియగు చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబాబు అంధుడు. ఈ బాలునకు సంగీతవిద్య గఱపవలెనను తలంపే ప్రేరణముగా విజయరామ గజపతి మహారాజుగారు 1919లో సంగీత కళాశాలను నెలకొల్పిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. ప్రభువు తలచినచో బాలునకు నెలకింత భృతి యేర్పఱచి యూరకుండవచ్చును. అట్లు చేయక విద్యాలయమునే నిర్మించెను. ఒక్క చూపులేని బాలునికై తెఱచిన ఆ తలుపు గుండనే తరువాతి కాలమున ఘంటసాల వేంకటేశ్వరరావుగారును, పి. సుశీలగారును ప్రవేశించి విద్య నార్జించిరి. బలహీనునికై వేసిన బాట యెల్లవారికిని రాజమార్గ మయ్యెను.

ఆ కళాశాలలోనే 1919లో ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893–1964) వయొలిన్ ఆచార్యులైరి, 1936లో అధ్యక్షులైరి. దృష్టిమాంద్యముచే వారికి బడిచదువు సాగలేదు. మేము జీవితమంతయు బడిలో గడపినవారము. కావున ఈ సంగతి మాకు ప్రత్యేకముగా చింత్యము. బడి నిలుపుకొనజాలని బాలుడు సంగీతశాలకు ఆచార్యుడై, 1941లో సంగీతకళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీని పొందెను. వయొలిన్‌పై మెట్లుండవు, స్వరస్థానమును చెవియు వ్రేలును మాత్రమే కనుగొనవలయును. ఆ విద్యకు కన్ను ప్రధానము కాదు.

ఇక వాద్యమును నిర్మించువాని మాట. విజయనగరము జిల్లాలోని బొబ్బిలికి సమీపమున గొల్లపల్లియందు సర్వసిద్ధి కుటుంబములవారు తరతరములుగా వీణలు చెక్కుచున్నారు. ఏకాండివీణ యనగా కుండయు దండియు ఒకే పనసకొయ్యనుండి తొలిచినది. ఇరువది నాలుగు మెట్లను మైనపు కట్టపై నిలుపుట యందలి సూక్ష్మమైన పని. ఒక్క మెట్టు వెండ్రుకవాసి తప్పినను స్వరము చెడును. కాలక్రమమున మైనము సడలినపుడు మెట్లను మరల సవరింపవలయును. చూపులేని వైణికుడు మెట్టును వ్రేలితో గుర్తించును. శిల్పి ఆ మెట్టును చెవితో సరిచూచుకొనును. ఒకని చేతిపని చక్కగా నున్ననే రెండవవాని విద్య నిలుచును. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున వాద్యాధ్యాయమును వ్రాయుచు వాదనవిధానముతో పాటు వీణాదండపు కొలతలను గూడ చెప్పెను. పూర్వులకు వాదకుడును నిర్మాతయు ఒకే శాస్త్రమునకు చెందినవారు.

ఈ న్యాయము సంగీతమునకే పరిమితము కాదు. వంగదేశ చిత్రకారుడు వినోదబిహారి ముఖర్జీ 1956లో చూపును పూర్తిగా కోల్పోయెను. అటుపిమ్మట కాగితములను మడచి, కత్తిరించి, స్పర్శచే రూపములు కల్పించుచుండెను. 1972లో శాంతినికేతన కళాభవనమున పింగాణిపలకల కుడ్యచిత్రమును రచించెను. భావన అతనిది, పలకలను గోడపై నిలుపుటకు ఇతరుల చేతులు తోడుపడెను. అంతమాత్రమున ఆ చిత్రము అతనిది కాకపోలేదు.

నేడు వికలాంగు లనుటకు మాఱు దివ్యాంగు లనుచున్నారు. పేరు మాఱుట మంచిదే గాని, పేరు కూడు పెట్టదు. 2016నాటి చట్టము ఉన్నతవిద్యలో నూటికి 5, ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 స్థానములను వారికి విధించినది. అశోక్‌నగర్ గ్రంథాలయమున పోటీపరీక్షలకై చదువుకొను యువకులకు ఈ లెక్క తెలియును. కాని వీణ చెక్కుట, చెక్కిన వీణను సరిచూచుట, బొమ్మకు లక్కపూత పూయుట వంటి విద్యలకు ఏ చట్టమును స్థానము నేర్పఱుపలేదు. అది సంఘములు చేయవలసిన పని.

కావున పోషకులకు మా విన్నపము. మన వార్షికసభలలో దివ్యాంగ బాలురకు దుప్పట్లును, వృద్ధశిల్పులకు శాలువలును వేర్వేఱుగా నిచ్చుచున్నాము. ఆ ద్రవ్యమునే యేకముచేసి, ఏటేట ఒక దివ్యాంగ విద్యార్థిని ఒక శిల్పియొద్ద చేర్చి, విద్యార్థికి భృతియు, నేర్పువానికి వేతనమును ఇచ్చుట మేలు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరముల మన గృహములలో అట్టి బాలబాలికలు లేకపోరు. తలుపుచాటున నున్నారు, అంతియే. వచ్చు సంవత్సరపు సభలో ఆ జంటను ఒకే వేదికపై కూర్చుండబెట్టి, ఇరువురి పేర్లును చదివించు భాగ్యము మన సంఘమునకు కలుగుగాక!