బాటను దాటేవాడు: మేడ్చల్, శామీర్‌పేట త్రోవల కథ

హైదరాబాదు నుండి ఉత్తరదిక్కుగా బయలుదేరే బాటలలో రెండు ముఖ్యమైనవి. ఒకటి బోయినపల్లి, కొంపల్లి మీదుగా మేడ్చల్ చేరి, అక్కడినుండి నాగపూరు వైపునకు సాగుతుంది. రెండవది అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట మీదుగా కరీంనగరానికి పోతుంది. ఈ బాటల వెంట ప్రయాణం చేసినవారు శ్రోతలలో ఎందరో ఉందురు. బాట అనగానే మనకు దాని వెంట పోయేవాడే జ్ఞాపకానికి వస్తాడు. రాజు దండు వెళ్లినా, వర్తకుని బండి వెళ్లినా, నేటి లారీ వెళ్లినా చరిత్రలో వ్రాయబడేది వాని ప్రయాణమే. కాని ప్రతి బాటకూ మరొక మనిషి ఉన్నాడు. బాటకు ఈ ప్రక్కన ఇల్లు, ఆ ప్రక్కన పొలమో, బడియో, దుకాణమో కలవాడు. అతడు బాట వెంట పోడు. దానిని అడ్డంగా దాటుతాడు. నేనీ ప్రసంగంలో చెప్పదలచినది ప్రధానంగా ఆ మనిషి సంగతి.

నిజాం ప్రభుత్వ కాలంలో రాజధాని చుట్టునూ ఉన్న జిల్లాకు ‘అత్రాఫ్-ఎ-బల్దా’ అని పేరు. పట్నపు పరిసరాలని దాని అర్థం. అందలి గ్రామాలు పెక్కు నిజాం ప్రభువు సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములు. మేడ్చల్ ప్రాంతం ఆ పరిసరాలలోనిదే. చార్మినారు నుండి మేడ్చల్‌కు సుమారు పదునెనిమిది మైళ్ల దూరం. ఎడ్లబండి గంటకు రెండు మైళ్లు నడిచిన రోజులలో అది సరిగా ఒక పగటి ప్రయాణం. దూరాన్ని కోసులతోను, ఆమడలతోను, మజిలీలతోను లెక్కించేవారు. ఈ కొలతలన్నీ మనిషి కాలికి, ఎద్దు కాలికి సంబంధించినవి. బాటకూ ఊరికీ వేగంలో భేదం లేదు. బండి ఎంత తొందరగా వచ్చినా, పిల్లవాడు దాని ముందునుండి నడచిపోగలిగేవాడు.

రాజధాని మాటకు వస్తే, 1591లో మహమ్మదు కులీ కుతుబ్ షా ఆ నగరానికి పునాది వేసినప్పుడు దాని రూపకల్పనలో మీర్ మోమిన్ ప్రముఖ పాత్ర వహించెనని చరిత్రకారులు చెపుతారు. నడుమ చార్మినారు, దానినుండి నాలుగు దిక్కులకు నాలుగు వీధులు, ఉత్తరాన నాలుగు కమానులు. ఇంత చక్కగా తీర్చిన నగరంలోనూ వీధులకు రాతిపరుపు లేదట. పదునేడవ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ వీధుల వైశాల్యాన్ని మెచ్చుకొని, వేసవిలో లేచే దుమ్ము, ఇసుక భరింపరానివని ఫిర్యాదు చేశాడు. మూడున్నర శతాబ్దాల నాటి ఆ ఫిర్యాదును నేడు కొంపల్లి దాటి ప్రక్కబాట వెంట నడిచేవాడు ఒక్క అక్షరమైనా మార్చనక్కరలేదు.

నడిచేవానిని గూర్చి మన నగరం శ్రద్ధగా ఆలోచించిన కాలం ఒకటి లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాది జనాన్ని పొట్టన పెట్టుకొన్నది. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించారు. వారి సలహాల ఫలితంగా నిర్మింపబడిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల సంగతి అందరికీ తెలిసినదే. అంతగా చెప్పుకొనబడనిది 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పని. ఇరుకు సందులను విప్పి, బాటలను వెడల్పు చేసి, ఇండ్లు కట్టించిన ఆ సంస్థయే చార్మినారుకు పోయే ముఖ్యవీధిలో పత్తర్‌గట్టిని నిర్మించింది. రాతితో కట్టిన దుకాణాల వరుస అది. ముందు కమానులు, కమానుల వెనుక నీడపట్టున నడవా. వీధిలో గుర్రపుబండి పోతున్నా, మోటారు పోతున్నా కొనుగోలుకు వచ్చినవాడు ఎండ తగలకుండా, వాన తడవకుండా, చక్రం భయం లేకుండా దుకాణం వెంట దుకాణం చూచుకొంటూ నడిచిపోవచ్చును. వర్తకునికీ అదే లాభం, ఎందుచేతనంటే పరుగెత్తేవాడు ఏమీ కొనడు. వీధిని వెడల్పు చేయడమంటే బండ్లకు చోటివ్వడం మాత్రమే కాదని ఆనాటి ఇంజనీర్లకు తెలుసును. ఆ తరువాత కమానుల క్రింది నడవాలోకి సరుకుల మూటలు, ముందుకు వాహనాల వరుసలు చేరినవి. అది కట్టినవారి తప్పు కాదు.

దాదాపు ఆ రోజులలోనే, 1914లో, ప్యాట్రిక్ గెడ్డిస్ అనే స్కాట్లండు పండితుడు మన దేశానికి వచ్చి పట్టణాల నిర్మాణంపై సలహాలిచ్చాడు. ఇందూరు సంస్థానానికి ఆయన వ్రాసిన నివేదిక 1918లో వెలువడింది. పట్టణాన్ని మార్చదలచినవాడు ముందుగా దానిలో కాలినడకన తిరగాలనేది ఆయన పద్ధతి. పటం మీద గీత గీయడం సులభం. ఆ గీత ఎవరి వాకిలి ముందునుండి పోతున్నదో నడిచినవానికే తెలుస్తుంది.

మేడ్చల్ వైపు వద్దాము. 1899కి, 1901కి మధ్య హైదరాబాదు–గోదావరీలోయ రైలుమార్గం సికిందరాబాదునుండి మన్మాడు వరకు మీటరుగేజిలో తయారైంది. మేడ్చల్ దాని మీది ఒక స్టేషను. 1932లో నిజాం రైల్వేవారు ఇరువదియేడు బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించారు. రైలు, బస్సు ఊరి నడకను చెరిచినవి కావు. వాటిని ఎక్కేవాడు రెండు కొసలా పాదచారియే కదా!

అసలు మార్పు ఇటీవలది, అది త్వరగా వచ్చింది. 1975లో నగరాభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడినది. మేడ్చల్ పరిసరాలలో కార్ఖానాలు వెలసినవి. 1998లో స్థాపించబడిన న్యాయవిశ్వవిద్యాలయం శామీర్‌పేటకు వచ్చింది. తుర్కపల్లి వద్ద ఔషధ పరిశోధన సంస్థలు, జవహర్‌నగర్ వద్ద 2008లో బిట్స్ విద్యాలయం వచ్చినవి. నూటయేబది ఎనిమిది కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మేడ్చల్ దాపున కండ్లకోయ కూడలి పూర్తికావడంతో 2018లో ముగిసింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడగా, 2022లో దాని కలెక్టరు కార్యాలయం శామీర్‌పేట మండలంలో వెలసింది. పెన్షను కాగితాల కొరకు ముసలమ్మ ఆ కచేరీకి పోవాలి. పోయేది బస్సులో, దిగేది పెద్దబాట అంచున.

ఆ అంచున నిలిచి ఒక చిన్న లెక్క వేయండి. ఆరు వరుసల బాటకు ఒక్కొక్క వరుస మూడున్నర మీటర్ల చొప్పున ఇరువదియొక్క మీటర్ల వెడల్పు. ముసలమ్మ సెకనుకు మీటరుకన్న కొంచెం తక్కువ నడుస్తుంది. దాటడానికి ఆమెకు ఇరువదిమూడు సెకనులు కావలె. గంటకు అరువది కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ వ్యవధిలో మూడువందల ఎనుబది మీటర్ల పైచిలుకు పోతుంది. అనగా ఆమె అడుగు వేసేటప్పుడు ఇంచుమించు నాలుగు వందల మీటర్ల దూరం వరకు బాట ఖాళీగా ఉండాలి. ఉదయం తొమ్మిది గంటలకు అంత ఖాళీ ఎక్కడిది? నడుమ ఆగి నిలువను చోటుంటే లెక్క సగమవుతుంది. ఆ చోటు లేక, ఉన్నా దానిపై ఇనుపకంచె కట్టితే, ఆమె ఒక కిలోమీటరు నడిచి తిరుగుడు వద్ద దాటి, మరొక కిలోమీటరు వెనుకకు రావాలి. ఎదురుగా కనబడే దుకాణం అరగంట దూరమైపోతుంది. మన పెద్దలు మజిలీతో కొలిచిన దూరాన్ని మనము సెకనులకు తగ్గించాము. ఇరువదియొక్క మీటర్లను మాత్రం అరగంటకు పెంచాము.

ఇది వట్టి చమత్కారం కాదు. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారం 2022వ సంవత్సరంలో దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించగా, అందులో 32,825 మంది కాలినడకన పోయేవారు. ఇంచుమించు అయిదుగురిలో ఒకరు.

కాలిబాట కట్టినా దుకాణదారులు, తోపుడుబండ్లవారు ఆక్రమిస్తారని కొందరంటారు. కొంత నిజమే. కాని ఆక్రమణ అన్నది పత్తర్‌గట్టిలోనూ ఉన్నది; అక్కడ నడక ఆగలేదు. పండ్లబండి ఉన్నచోట దీపముంటుంది, మనుషులుంటారు, ఆడపిల్ల చీకటి పడ్డాక నిర్భయంగా నడుస్తుంది. వీధి వర్తకులకు నిర్ణీత స్థలాలు కేటాయించాలని 2014లో చట్టమే వచ్చింది. నాకు కాలిబాట మీద బండి పెట్టినవాని కన్న, కాలిబాటను పటంలోనే మరచినవాని మీద కోపం ఎక్కువ.

2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానం, సరియైన కాలిబాట పౌరుని జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. ఆ సంవత్సరం మొదటి తేదీననే రాష్ట్రప్రభుత్వం మేడ్చల్‌కు, శామీర్‌పేటకు మెట్రో రైలు మార్గాలను పొడిగించే ఆలోచన ప్రకటించింది. అంతకు ముందు 2024 మార్చిలో ప్యారడైజ్ కూడలి నుండి శామీర్‌పేట బాట మీదుగా ఎత్తైన వంతెన రహదారికి శంకుస్థాపన జరిగింది. కంటోన్మెంటు భూముల నడుమ బాట ఇరుకు గనుక ఈ పైమార్గం తలపెట్టారు. పైన పోయేవానికి అది సుఖమే. క్రింద మిగిలే నేల ఎవరిదో ఇంకా తేలవలసి ఉన్నది. స్తంభాల నడుమ నాలుగడుగుల నడవా, దాటేచోట ఒక ఆగుడు తిన్నె, రాత్రి ఒక దీపం. ఇవి స్తంభాల ఖర్చులో లెక్కకు కూడా రావు.

2023 ఏప్రిలు 8న సికిందరాబాదు–మేడ్చల్ నగర రైలును ప్రారంభించారు. నూరేళ్లకు పైగా పాతదైన ఆ మార్గమే అది, గేజి మాత్రం మారింది. మేడ్చల్‌లో సాయంకాలపు బండి దిగినవారు భోజనపు డబ్బాలు చేతబట్టుకొని, ఒకరి వెనుక ఒకరు, మాట్లాడుకొంటూ ఊరి వైపు నడిచిపోతారు. పెద్దబాట వచ్చేసరికి మాటలు ఆగుతాయి. అందరూ ఒక్కసారిగా కుడివైపు చూస్తారు.