బెల్లము వండు పాక

గోవాడ యనగానే చక్కెర కర్మాగారము తలపునకు వచ్చును. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన యీ చోడవరపు సీమలో, కర్మాగారమునకు ముందునుండియు చెఱకుతోటల నడుమ మఱియొక వంటశాల కలదు. దానిని గూర్చియే మేము ముచ్చటింతుము.

నిట్రాళ్లు నిలిపి, వెదురు వాసములు వేసి, తాటాకు కప్పుదురు. గోడలు లేవు, అది లేమిచే ననుకొనరాదు. రసము మరుగునపుడు ఆవిరి వెడలవలె, పొయ్యికి గాలి తగులవలె. క్రింద చెఱకుపిప్పి మంట, మీద ఎండుటాకు! అందుచే పొయ్యిని నేలలోనికి త్రవ్వి, కప్పును ఎత్తుగా నిలుపుదురు.

1813లో ఇంగ్లాండున హోవర్డు, మూసిన పాత్రలో గాలి తగ్గించి తక్కువ వేడిమితో పాకము మరిగించు పద్ధతికి పేటెంటు పొందెను. చక్కెర మిల్లులు ఆ దారి పట్టినవి. ఇచ్చట పెనము తెఱచియే యుండును. సున్నము వేసి మడ్డి తీసినవాడు, పాకపుచుక్కను నీటిలో వేసి చూచును. ముద్దకట్టు క్షణము దాటెనా, రైతు ఏడాది సేద్యము మాడి నల్లబడును. అనకాపల్లి బజారున వెల కట్టునది బెల్లపు రంగును జూచియే.