గోరింట ఎరుపు, పెట్టెలోని నలుపు

చార్మినారు నుండి పత్తర్‌గట్టీ వైపు నడిచేటప్పుడు పెద్దల గడ్డాలను గమనించండి. గోరింటాకు పెట్టిన తెల్ల వెంట్రుక ఎర్రబడుతుంది గాని నల్లబడదు. ఆకులోని లాసోన్ అనే వర్ణకం గుణమే అంత. నలుపు కోరినవారు గోరింట పిమ్మట నీలి ఆకు ముద్దను పట్టించేవారు. ఉర్దూలో దానిని వస్మా అంటారు. ఎంతో ఓపిక గల పని!

1907లో పారిస్‌లో యూజీన్ షుయెల్లర్ అనే రసాయనవేత్త కృత్రిమ కేశవర్ణాన్ని రూపొందించాడు. ఆ ఓపిక అవసరం తీరిపోయింది. నేటి శాశ్వత వర్ణాలలో నలుపును తెచ్చేది సాధారణంగా పారాఫినైలీన్ డయామిన్, అనగా పీపీడీ. ‘నల్ల మెహందీ’ పేరిట అమ్మే పొడులు అనేకంలోనూ నలుపు దీనిదే, ఆకుది కాదు.

పెట్టె మీద ‘వీగన్’ అని ఉన్నదని నిశ్చింతపడకండి. జంతు పదార్థం లేదని మాత్రమే దాని అర్థం. పీపీడీలోనూ అది లేదు కదా! కొందరికి దీనివల్ల నెత్తి, కనురెప్పలు వాచిపోతాయి. పొరపాటున కడుపులోకి పోతే గొంతు వాస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, విరుగుడు మందు లేదు. మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రి వైద్యులకు ఈ విషం కొత్త కాదు.

కనుక ముందుగా పదార్థాల పట్టిక చదవండి. పీపీడీ ఉంటే చెవి వెనుక కొద్దిగా పూసి 48 గంటలు ఆగండి. గతంలో ఒక్కసారి పడకపోయినా ఆ పరీక్ష కూడా వద్దు. గోరింట, నీలి ఆకులే మీకు దారి.