చందా చరిత్ర - రేపటి బాధ్యత

ధార్మిక విద్యాసంస్థల చరిత్రను మనం సాధారణంగా పండితుల చరిత్రగా చదువుకుంటాం. ఆ పండితుల జీతాలకూ, విద్యార్థుల భోజనానికీ ధనం ఎవరి చేతుల మీదుగా వచ్చిందనే ప్రశ్న వెనకబడిపోతుంది. నిజానికి సంస్థ స్వభావాన్ని నిర్ణయించే విషయాల్లో దాని ఆదాయ మార్గం ఒకటి.

1857కు పూర్వం ఉత్తర హిందూస్థానంలో మదరసాలు చాలావరకు పాలకుల ఇనాముల మీద, వక్ఫు ఆస్తుల మీద ఆధారపడి నడిచేవి. పోషకులు పతనం కాగానే వారి నీడన బతికిన సంస్థలూ కుంగిపోయాయి. ఈ అనుభవం కళ్ళెదుట ఉండగానే 1866లో దేవ్‌బంద్‌లో దారుల్ ఉలూమ్ ప్రారంభమైంది. హాజీ ఆబిద్ హుసైన్ గారు రుమాలును జోలెగా చేసి, తన వంతు మూడు రూపాయలు అందులో వేసి, చందాకు బయలుదేరారని ఆ సంస్థ చరిత్ర చెబుతుంది. 'చంద్' అంటే పారసీకంలో 'కొన్ని' అని అర్థం. చందా అనే మాటలోనే కొద్దికొద్దిగా కూడబెట్టడమనే భావం ఉంది.

మౌలానా ముహమ్మద్ ఖాసిమ్ నానౌత్వీ (రహ్మతుల్లాహి అలైహి) ఈ సంస్థకు ఎనిమిది సూత్రాలు రాసి ఇచ్చారు. చందాలను పెంచడంపై కార్యకర్తలు ఎల్లప్పుడూ దృష్టి ఉంచాలన్నది మొదటిది. జాగీరు, కార్ఖానా, వ్యాపారం, ధనికుని వాగ్దానం వంటి నమ్మకమైన ఆదాయం ఏర్పడితే అల్లాహ్ పట్ల భయమూ ఆశా సన్నగిల్లి, కార్యకర్తల మధ్య కలహాలు పుడతాయని మరో సూత్రంలో హెచ్చరించారు. ప్రభుత్వమూ ధనికులూ భాగస్వాములు కావడం హానికరమనీ, పేరు ఆశించని వారి చందాలో శుభం అధికమనీ అభిప్రాయపడ్డారు.

ఇది వక్ఫు పట్ల వ్యతిరేకత అనుకోరాదు. దైవప్రవక్త (స) సలహాపై హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్ భూమి మూలాన్ని నిలిపి, దాని ఫలాన్ని దానం చేశారన్నది మనకు తెలిసిందే. నానౌత్వీ గారిని కలవరపెట్టింది స్థిరాదాయం తెచ్చిపెట్టే నిశ్చింత. చందా కావలసినవాడు ప్రజల ముందుకు వెళ్ళక తప్పదు. ఏటేటా వెళ్ళేవాడు లెక్క చెప్పకా తప్పదు.

దేవ్‌బంద్ ఆ లెక్కను ముద్రించి చూపింది. వార్షిక నివేదికల్లో నగదు ఇచ్చినవారితో పాటు పుస్తకాలు, ఆహార పదార్థాలు ఇచ్చినవారి పేర్లు కూడా ప్రకటించేవారు. 1880లో తపాలా శాఖ మనియార్డర్లు ప్రవేశపెట్టాక దూర ప్రాంతాల చిన్న మొత్తాలు కూడా చేరసాగాయి. ఆనాటికి అచ్చుయంత్రం, తపాలా కొత్త సాధనాలే. మన పెద్దలు వాటికి జంకలేదు.

లెక్కలపై అజాగ్రత్త ఎంత ప్రమాదమో అలీగఢ్ కళాశాల చూసింది. 1895లో అక్కడి నిధుల్లో లక్ష రూపాయలకు పైగా అపహరణ బయటపడి, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ చివరి రోజులను కుంగదీసింది. జామియా మిల్లియా ఇస్లామియా అనుభవం మరో రకమైనది. 1920లో ఏర్పడిన ఈ సంస్థకు ముఖ్య ఆధారం ఖిలాఫత్ కమిటీ. 1924లో ఖిలాఫత్ రద్దు కావడంతో ఆ ఆధారం ఎండిపోయింది. హకీమ్ అజ్మల్ ఖాన్ స్వంత ధనంతో కొంతకాలం ఆదుకున్నారు. 1927లో ఆయన కన్నుమూశాక అధ్యాపకులు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా 20 ఏళ్ళు సేవ చేస్తామని ప్రతిన పూనారు. సామాన్యుల చిన్న చందాలు సమకూర్చడానికి 'హమ్‌దర్దానె జామియా' ఏర్పడింది. ఒకే ఆధారం కూలినప్పుడు సంస్థను నిలబెట్టింది ఆ త్యాగమూ, పలువురి చేయూతా.

నేటి పరిస్థితికి ఈ చరిత్ర దూరం కాదు. రమజాన్‌లో రసీదు పుస్తకాలతో హైదరాబాదు మసీదుల వద్ద నిలబడే సఫీర్లను మనం ఎరుగుదుం. 2020 రమజాన్ లాక్‌డౌన్‌లో గడిచింది. సఫీర్లు కదలలేకపోయారు. ఏడాది ఖర్చుకు ఒక్క నెలపై, ఒక్క పద్ధతిపై ఆధారపడడం ఎంత బలహీనమో అప్పుడు అర్థమైంది. 2016లో వచ్చిన యూపీఐ ద్వారా ఇప్పుడు గ్రామం నుండి పది రూపాయలైనా క్షణంలో పంపవచ్చు. ఇది నానౌత్వీ గారు కోరిన సామాన్యుని చందాకు అనుకూలమైన సాధనమే.

అయితే ఒక చిక్కుంది. పాత రసీదులో జకాత్, సదఖా, విరాళం అని వేర్వేరు పద్దులుండేవి. గోడ మీది క్యూఆర్ కోడ్ దాత సంకల్పాన్ని అడగదు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్ జకాత్‌కు ఎనిమిది పద్దులు నిర్ణయించింది. హనఫీ ధర్మవేత్తల ప్రకారం దానిని భవన నిర్మాణానికి గానీ, అధ్యాపకుల జీతాలకు గానీ వినియోగించరాదు. అన్నీ ఒకే ఖాతాలో కలిస్తే పేదవాని హక్కు తెలియకుండానే సిమెంటులో కలిసిపోవచ్చు.

కనుక జకాత్‌కు వేరు ఖాతా, వేరు కోడ్ ఉండాలి. ఇచ్చిన ప్రతివారికీ రసీదు అందాలి. ఏడాదికొకసారి జమాఖర్చులు మసీదు గోడపై అందరికీ కనిపించాలి. దేవ్‌బంద్ పెద్దలు మనియార్డరు కాలంలో చేసి చూపిన పని, ఫోను చేతిలో ఉన్న మన తరానికి భారం కాకూడదు.