రబ్బరు పాలు, నీటి దారులు

మలయా రబ్బరు తోటల్లో తెలుగు కూలీలు కూడా పొద్దు పొడవకముందే గీత కత్తి పట్టేవారు. ఎండెక్కితే ఆకులనుండి నీరు ఆవిరై, బెరడులో ఒత్తిడి తగ్గి, పాలు తగ్గుతాయి. 1890లలో చెట్టు చావకుండా పదేపదే గీసే పద్ధతిని సింగపూరులో హెన్రీ రిడ్లీ రూపొందించాడు. కాని పాలనాళాల్లోకి నీరు చేరేదెలా? పక్క కణాలతో వాటిని కలిపే సన్నని దారులు లేవు; నీరు పొరను దాటే రావాలి.

ఆ ద్వారం ముందుగా తెలిసింది చెట్టులో కాదు, మనిషి ఎర్ర రక్తకణంలో! ఆ ప్రోటీను నీటిదారేనని 1992లో పీటర్ ఏగ్రి బృందం నిరూపించింది. 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆక్వాపోరిన్లనే ఈ ప్రోటీన్లు తరువాత రబ్బరు చెట్టులోనూ కనిపించాయి. బెరడుకు ఎథిఫోన్ పూస్తే వాటిలో కొన్ని పెరుగుతాయి. నీరు చేరి, పలుచబడిన పాలు ఎక్కువసేపు కారతాయి. పూత మితిమీరితే గీత పొడిబారి పాలే ఆగిపోవచ్చు. గీత కార్మికుడు మాత్రం నేటికీ చీకటితోనే లేస్తున్నాడు.